అమ్మానాన్నలను పిల్లల దగ్గరికి పంపాలంటే: ఏ వీసా, ఎంత ఖర్చు, ఎక్కడ తప్పుతాం

"మా పిల్లగాడు డల్లాస్‌ల ఉంటడు. మేమిద్దరం పోయి రావాలంటే ఎంతైతది?" నల్గొండలో నన్ను ఈ మాట అడగని వారం ఉండదు. మిర్యాలగూడ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి ఫోన్లు కూడా వస్తుంటాయి. పెద్దవాళ్లయితే ఖర్చు గురించి అడుగుతారు. అక్కడున్న పిల్లలైతే "ఇక్కడి నుంచి నాకేం కాదు, మీరే చూడండన్నా" అంటారు. అందరికీ ఒకేచోట చెబుదామని రాస్తున్నాను.

మా అమ్మానాన్నలది దేవరకొండ వైపు ఊరు. చెల్లెలు అమెరికాలో ఉంటుంది, నేను ఇక్కడే ఉన్నాను. మా ఇంట్లో మొదటిసారి వీసా రాలేదు, డబ్బు పోయింది. ఆ తర్వాత చుట్టాలవి, వాడకట్టులో వాళ్లవి ఫారాలు నింపుతూ మిగతాది నేర్చుకున్నాను. నేను లాయర్ని కాదు. కేసు చిక్కుల్లో ఉంటే లాయర్ దగ్గరికే వెళ్లాలి. ఇక్కడ రాసిన ఫీజులు 2025 నాటివి. డబ్బు కట్టే రోజు ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్లో మళ్లీ చూసుకోండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇద్దరి పాస్‌పోర్టులు. గడువు కనీసం ఏడాది మిగిలి ఉంటే మంచిది. పాతవి పారేయకండి, పాత వీసాలు వాటిలోనే ఉంటాయి.
- ఆధార్, ఓటరు కార్డు, పదో తరగతి మెమో ఉంటే అది.
- అక్కడున్న బిడ్డ లేదా కొడుకు పాస్‌పోర్టు, వీసా లేదా గ్రీన్ కార్డు లేదా పౌరసత్వం కాపీ, జీతం స్లిప్పులు, పన్ను కాగితాలు, ఇంటి అడ్రసు.
- మీ పెళ్లి రుజువు, పిల్లల జనన ధ్రువీకరణ పత్రం.
- పట్టాదారు పాస్‌బుక్, పెన్షన్ కాగితం, బ్యాంకు పాస్‌బుక్.
- డాక్టరు చీటీలు, వాడుతున్న మందుల పేర్లు.
- ఇంతకు ముందు ఏ దేశమైనా వీసా ఇవ్వకపోతే ఆ కాగితం. దాచకండి.
- ఒక నోట్‌బుక్. ఫారంలో ఏం రాశామో, ఎప్పుడు ఎంత కట్టామో అందులోనే రాయండి.

1. ఎన్నాళ్లకు పోతున్నారో ఇంట్లో తేల్చుకోండి

చూసి రావడానికా? ఏడాదీ రెండేళ్లూ పిల్లల దగ్గర ఉండటానికా? ఇక అక్కడే ఉండిపోవడానికా? ఈ మూడింటికి మూడు రకాల వీసాలు, మూడు రకాల ఖర్చులు. ఇది తేల్చుకోకుండా ఫారం మొదలుపెడితే కొడుకు ఒకటి రాస్తాడు, తల్లి ఇంకొకటి చెబుతుంది.

ఈ మాట మీరు పెద్దవాళ్లనే అడగాలి. పిల్లలు "అమ్మ ఇక మా దగ్గరే ఉంటుంది" అనుకుంటారు. అమ్మకేమో బర్రెలు, బోరు, పక్కింటి ముచ్చట్లు లేకుండా మూడు నెలలు దాటితే ఊపిరాడదు. అలాంటామెకు లక్షలు పోసి శాశ్వత వీసా తీయడం ఎవరికీ మేలు కాదు. నేను చూసిన ఇళ్లలో ఎక్కువమందికి సరిపోయింది విజిటర్ వీసానే.

2. పిల్లల హోదాను బట్టి దారి చూడండి

*అమెరికా.* పిల్లలు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నా, గ్రీన్ కార్డు మీద ఉన్నా తల్లిదండ్రులకు ఉన్న దారి బీ1/బీ2 విజిటర్ వీసా ఒక్కటే. గ్రీన్ కార్డు వస్తే అమ్మానాన్నలకు పెట్టొచ్చని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరులు మాత్రమే తల్లిదండ్రుల కోసం ఐ-130 (గ్రీన్ కార్డు మీద పిలిపించుకునే అర్జీ) వేయగలరు. అలా వేస్తే ఏడాదికి ఇన్నే అనే పరిమితి లేదు కాబట్టి దశాబ్దాల క్యూ ఉండదు. మన పిల్లలకు కష్టమల్లా ఆ పౌరసత్వం దాకా చేరడమే. ఏడాదికి ఇచ్చేవాటిలో ఒక్కో దేశానికి ఏడు శాతమే అనే లెక్క వల్ల ఉద్యోగం మీద గ్రీన్ కార్డు కోసం మనవాళ్లు పదేళ్లకు పైగా ఎదురుచూస్తున్నారు. అది వచ్చాక పౌరసత్వానికి మామూలుగా ఇంకో ఐదేళ్లు. అన్నేళ్లు పన్ను కట్టినవాడు తల్లిని పిలుచుకునే హక్కు సంపాదించేసరికి ఆమెకు డెబ్బై ఐదు దాటుతాయి. ఇది అన్యాయమని నేను గట్టిగానే అంటాను. కానీ ఫారం నింపేటప్పుడు ఉన్న నియమంతోనే పని.

ఒక హెచ్చరిక. ఐ-130 వేశాక విజిటర్ వీసా దొరకడం కష్టమవుతుంది. అక్కడే ఉండిపోవాలనే ఉద్దేశం మీరే కాగితం మీద చెప్పినట్టు కదా. ముందు చూసి రావాలనుకుంటే ఆ వీసా తీసుకున్నాకే రెండోదాని గురించి ఆలోచించండి.

*కెనడా.* తల్లిదండ్రుల విషయంలో ఈ దేశాల్లో కాస్త దయగా ఉన్నది ఇదే. పిల్లలు అక్కడ శాశ్వత నివాసులో పౌరులో అయితే సూపర్ వీసా వేయొచ్చు. పదేళ్ల దాకా చెల్లుతుంది, 2022 జూలై నుంచి ఒక్కసారి వెళ్తే ఐదేళ్ల దాకా ఉండొచ్చు. ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు 85. అసలు ఖర్చు ఇన్సూరెన్స్‌ది. కనీసం లక్ష డాలర్ల కవరేజీ, ఏడాది కాలానికి, డబ్బు కట్టిన పాలసీ చూపించాలి. కొటేషన్ కాగితం చూపిస్తే ఒప్పుకోరు. పిల్లల ఆదాయానికి ఒక కనీస గీత ఉంది, పెద్దవాళ్లకు మెడికల్ పరీక్ష ఉంటుంది. శాశ్వతంగా పిలుచుకునే పథకం కూడా ఉంది గానీ, 2020 చివర్లో పేర్లు ఇచ్చినవాళ్ల జాబితా నుంచే 2025లోనూ లాటరీ తీశారు. ఆ తర్వాత అక్కడ స్థిరపడిన పిల్లలకు అందులో చోటే దొరకలేదు.

*ఆస్ట్రేలియా.* అన్నిటికంటే ఎక్కువ ఫోన్లు దీని గురించే వస్తాయి, ఎక్కువ బాధ కూడా ఇక్కడే. శాశ్వత నివాసానికి రెండు దారులు. 103 అనే మామూలు పేరెంట్ వీసాకు మనిషికి ఏడు వేల డాలర్ల పైచిలుకు, కానీ నిరీక్షణ ముప్పై ఏళ్లకు పైనే. అరవై ఐదేళ్ల తండ్రికి తొంభై ఐదేళ్లప్పుడు వీసా! రెండోది 143. దీనికి మనిషికి దాదాపు 48 వేల ఆస్ట్రేలియా డాలర్లు. దరఖాస్తు రోజు ఐదు వేల దాకా, వీసా ఇచ్చే ముందు 43,600. మన డబ్బుల్లో ఒక్కరికి పాతిక లక్షలు దాటుతుంది, ఇద్దరికి అర కోటి. అంత కట్టినా ఇప్పుడు వేసేవాళ్లకు పదేళ్లకు పైగా ఆగాల్సిందే. ఏడాదికి తల్లిదండ్రులకు ఇస్తున్నవి 8,500 చోట్లే. 2023లో ఆ ప్రభుత్వం వేయించుకున్న వలస విధాన సమీక్ష కూడా, వచ్చే అవకాశం లేని వీసాకు మనుషులను క్యూలో నిలబెట్టడం క్రూరమని రాసింది.

దరఖాస్తుకు ముందు పిల్లల లెక్క కూడా చూడాలి. మీ పిల్లల్లో కనీసం సగంమంది ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలి, లేదా మరే ఒక్క దేశంలోకన్నా అక్కడే ఎక్కువమంది ఉండాలి. ఒకరు నల్గొండలో, ఒకరు మెల్‌బోర్న్‌లో అయితే సరిపోతుంది. ఒకరు నల్గొండలో, ఒకరు అమెరికాలో, ఒకరు మెల్‌బోర్న్‌లో అయితే సరిపోదు. డబ్బులున్నా లాభం లేదు.

వీటికి బదులు 870 అనే తాత్కాలిక వీసా ఉంది. మూడేళ్లకు లేదా ఐదేళ్లకు ఇస్తారు, మొత్తం కలిపి పదేళ్లకు మించదు. 2019లో మొదలైనప్పుడు మూడేళ్లకు ఐదు వేల డాలర్లు, ఐదేళ్లకు పది వేలు, ఇప్పుడు ఇంకా పెరిగింది. పిల్లల లెక్క దీనికి అడ్డురాదు. పని చేయకూడదు, వైద్యం ఖర్చంతా మనదే. అంత పెట్టలేకపోతే 600 విజిటర్ వీసా. తల్లిదండ్రులకు కొన్నిసార్లు మూడేళ్లు, ఐదేళ్లు చెల్లేలా కూడా ఇస్తారు. నా సలహా అడిగితే, ముందు 600తో ఒకసారి వెళ్లి రండి. వీసా ఉత్తరంలో 8503 అనే షరతు ఉంటే మాత్రం అక్కడ ఉండగా ఇంకో వీసాకు దరఖాస్తు చేయడం దాదాపు కుదరదు.

*బ్రిటన్.* శాశ్వత దారి పేరుకే ఉంది. 2012 జూలై నుంచి, ఒకరి సాయం లేకుండా రోజు గడవని స్థితిలో ఉండి, ఆ సాయం పిల్లలు డబ్బు పంపినా ఇండియాలో దొరకదని రుజువు చేస్తేనే ఇస్తారు. ఫీజు మూడు వేల పౌండ్లకు పైనే, రాకపోతే పోయినట్టే. మామూలుగా వాడేది ఆరు నెలల విజిటర్ వీసా.

గల్ఫ్‌లో కూలి పనుల మీద ఉన్న పాలమూరు పిల్లలకు జీతం షరతుల వల్ల తల్లిదండ్రులను దగ్గర ఉంచుకునే వీలు దాదాపు లేదు.

3. ఖర్చు కాగితం మీద పెట్టండి, ఎవరు ఎంతో కూడా రాయండి

అమెరికా విజిటర్ వీసాకు మనిషికి 185 డాలర్లు, అంటే సుమారు పదహారు వేల రూపాయలు. వీసా రాకపోతే తిరిగి ఇవ్వరు, ఇంకొకరి పేరుకు మార్చరు. 2025 జూలైలో అక్కడ చేసిన చట్టంలో ఇంకో 250 డాలర్ల ఫీజు కూడా ఉంది. మీరు కట్టేనాటికి అది ఎలా ఉందో చూసుకోండి. దీనికి ఇన్సూరెన్స్, విమానం టికెట్లు, హైదరాబాద్ ప్రయాణాలు కలపండి. గ్రీన్ కార్డు దారిలో తల్లికి వేరే, తండ్రికి వేరే ఐ-130 వేయాలి. ఫీజులన్నీ కలిపి ఒక్కొక్కరికి 1,300 డాలర్లు దాటతాయి. మెడికల్ పరీక్ష, ముంబై ప్రయాణం దీనికి అదనం.

ఇక్కడ రెండు మాటలు చెప్పాలి.

ఒకటి, భూమి అమ్మకండి. 143 కోసం అని మర్రిగూడ వైపు ఒకాయన ఎకరం అమ్మకానికి పెట్టి నా దగ్గరికి వచ్చాడు. పెద్ద మొత్తం కట్టమనేది వీసా ఇచ్చే ముందే, అది ఎన్నేళ్లకో. ఇప్పుడు అమ్మి ఏం చేస్తారు? నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి వీసా ఫీజు కట్టడం కూడా అంతే. పిలిచేవాళ్లే ఫీజు పెట్టుకోవాలి. ఇక్కడ ఉండి అమ్మానాన్నలను ఆసుపత్రికి తిప్పే బిడ్డ మీద ఆ బరువు వేయొద్దు. ఈ సంగతి ముందే మాట్లాడుకుని రాసిపెట్టుకుంటే తర్వాత అన్నదమ్ముల మధ్య మాట రాదు.

రెండోది నా మనసుకు ఇంకా దగ్గరిది. "కాన్పు ఉంది, అమ్మ ఒక్కదానికే వీసా తీద్దాం, నాన్నకెందుకు ఖర్చు" అనే మాట ఎన్ని ఇళ్లలో విన్నానో. మేమూ మొదటిసారి అదే చేశాం. వీసా రాలేదు కాబట్టి సరిపోయింది గానీ, వచ్చి ఉంటే ఆరు నెలలు నాన్న ఒక్కడే గంజి కాచుకుని తాగేవాడు. బీపీ గోళీ వేసుకున్నాడో లేదో అడిగే దిక్కుండదు. ఇద్దరికీ కలిపి వేయండి. ఆ పదహారు వేలు మిగుల్చుకునే చోటు ఇది కాదు.

4. పేర్లు, పుట్టిన తేదీలు సరిచూడండి

మన వైపు ఎక్కువ కేసులు చిక్కుకునేది ఇక్కడే. ఆధార్‌లో యాదమ్మ, పాస్‌పోర్టులో యాదగిరమ్మ, కొడుకు జనన పత్రంలో యాదగిరి లక్ష్మమ్మ. ముగ్గురూ ఒకరే అని మనకు తెలుసు, ఆఫీసరుకు తెలియదు.

కాగితాలన్నీ మంచం మీద పరిచి, ఒక్కో పేరు అక్షరం అక్షరం నోట్‌బుక్‌లో రాయండి. విజిటర్ వీసాకు పాస్‌పోర్టే ప్రమాణం, ఫారంలో అదే స్పెల్లింగ్ రాయాలి. శాశ్వత వీసాకు మాత్రం జనన, వివాహ పత్రాలు కూడా కలవాలి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు మన పెద్దల్లో చాలామంది. అలా వదిలేస్తే అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. అంటే పేరు తెలియదని అర్థం. దాంతో వీసా చెల్లకుండా పోదు గానీ టికెట్ దగ్గర, ఇన్సూరెన్స్ దగ్గర తిప్పలు. సమయం ఉంటే ముందే పాస్‌పోర్టు రీ-ఇష్యూ చేయించి ఇంటిపేరు చేర్పించండి. నల్గొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లో ఆ పని అవుతుంది. 36 పేజీలది 1,500 రూపాయలు.

పెళ్లి నలభై ఏళ్ల కిందటిదైతే రిజిస్టర్ అయి ఉండదు. ఇప్పుడైనా చేయించుకోవచ్చు. గ్రీన్ కార్డు దారిలో తండ్రి కేసుకు అది తప్పనిసరిగా అడుగుతారు. జనన పత్రం లేని పిల్లలకు రికార్డు లేదని ధ్రువీకరణ పత్రం తీసుకుని, పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు, పదో తరగతి మెమో జతచేస్తారు. రికార్డు లేదనే ఆ పత్రానికి నెలలు పట్టొచ్చు. ముందుగా మొదలుపెట్టండి.

5. ఫారం మీరే నింపండి, లేదా నింపేటప్పుడు పక్కన కూర్చోండి

అమెరికాకైతే డీఎస్-160 అనే ఆన్‌లైన్ ఫారం. రాత్రి తీరిగ్గా ఒక్కో మనిషికి గంటన్నర పడుతుంది. దరఖాస్తు నంబరు వెంటనే రాసుకోండి. కరెంటు పోయినా మళ్లీ తెరవడానికి అదే కావాలి. ఫోటో రెండు అంగుళాల చదరం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, కళ్లద్దాలు తీసేసి.

తప్పులు సాధారణంగా ఇవి:

- వృత్తి దగ్గర "గృహిణి" అని రాయడం. అమ్మ నలభై ఏళ్లుగా పొలం చేస్తుంటే రైతు అని రాయండి. అది నిజం, పైగా తిరిగి రావడానికి కారణం కూడా.
- ఇంతకు ముందు వీసా తిరస్కరించారా అనే ప్రశ్నకు లేదు అనడం. వాళ్ల కంప్యూటర్లో అంతా ఉంటుంది.
- వెళ్లేది కూతురి దగ్గరికైతే "టూరిజం" అని కథ అల్లడం.
- అపాయింట్‌మెంట్‌లో ఒక డీఎస్-160 నంబరు, చేతిలో ఇంకో నంబరు ఉన్న కాగితం. రెండూ ఒకటే ఉండాలి.

కన్సల్టెన్సీకి ఇవ్వొచ్చా అంటే, టైపింగ్‌కు ఇవ్వండి, ఆలోచనకు ఇవ్వకండి. అకౌంట్లో పది లక్షలు నెల రోజులు ఉంచుతామనీ, ఆస్తి విలువ పెంచి సర్టిఫికెట్ ఇప్పిస్తామనీ అంటే లేచి వచ్చేయండి. అబద్ధం బయటపడితే అమెరికాలో జీవితాంతం నిషేధం పడొచ్చు. కెనడాలో ఐదేళ్లు, ఆస్ట్రేలియాలో మూడేళ్లు. ఏజెంటుకు ఏమీ కాదు. పాస్‌పోర్టు మీది.

6. వేలిముద్రల సంగతి ముందే చూసుకోండి

పత్తి ఏరిన చేతులకు, నాట్లు వేసిన చేతులకు గీతలు అరిగిపోతాయి. రేషన్ షాపులో మిషన్ మీద వేలు పడనివాళ్లకు వీసా సెంటర్లోనూ అదే ఇబ్బంది వస్తుంది. మా అమ్మ కుడిచేతి బొటనవేలు తుడిచి, తడిపి, ఒత్తిపట్టి ఐదుసార్లు పెట్టిస్తే గానీ పడలేదు. ఆమె మొహం చూడాలి. తనేదో తప్పు చేసినట్టు నిలబడింది.

పది రోజుల ముందు నుంచి రాత్రిపూట వేళ్లకు కొబ్బరినూనె గానీ వాజలిన్ గానీ రాయండి. ఆ రోజుల్లో పత్తి ఏరడం, సిమెంటు పని, సర్ఫుతో బట్టలు ఉతకడం మాన్పించండి. వేళ్లకు గోరింటాకు వద్దు. కోసుకున్న గాయం ఉంటే తేదీ మార్చుకోవడం నయం. వెళ్లే రోజు పొద్దున మాత్రం నూనె వద్దు, సబ్బుతో కడిగి ఆరబెట్టాలి.

అమెరికా వీసా వేలిముద్రల కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో ఉంది. నల్గొండ నుంచి వచ్చేవాళ్లు ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే చాలు. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. మహబూబ్‌నగర్ నుంచి కారులో వచ్చేవాళ్లకు ఔటర్ రింగు రోడ్డు మీదుగా అది దగ్గర. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. అమ్మానాన్నలిద్దరూ వేర్వేరుగా బయటికి వస్తే కలిసే చోటు ముందే చూపించి పెట్టండి.

7. ఇంటర్వ్యూకు నేర్పించకండి, గుర్తుచేయండి

మొదటిసారి, 2019లో, ఇంటర్వ్యూ బేగంపేటలో జరిగింది. ఫారం నింపిన కన్సల్టెన్సీ వాళ్లు అమ్మకు "బిడ్డ కడుపుతో ఉందని చెప్పొద్దు, నయాగరా చూడటానికి అనాలి" అని పాఠం చెప్పి పంపారు. నేనూ సరే అన్నాను. ఆఫీసరు తెలుగులోనే అడిగాడు. "నయాగరా ఎక్కడుందమ్మా?" ఆమెకేం తెలుసు? దేవరకొండ డిండి ప్రాజెక్టు దాటి నీళ్లు చూసిన మనిషి కాదు. తలదించుకుంది. అయిపోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇబ్రహీంపట్నం దాటేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత "నాతోని అబద్ధమెందుకు ఆడిపిస్తిరిరా" అంది. చెల్లెలి కాన్పు ఆమె లేకుండానే అయిపోయింది.

రెండోసారి, 2023లో, ఇద్దరికీ కలిపి వేశాం. నిజమే చెప్పమన్నాం. ఎందుకంటే "బిడ్డ దగ్గరికి, మనుమరాలిని సూడలే ఇంకా" అంది అమ్మ. ఎన్నాళ్లంటే నాన్న అందుకున్నాడట: "ఐదు నెలలు సారూ, పత్తి ఏరే యాళ్లకు రావాలె." ముందుసారి ఎందుకు రాలేదో తెలుసా అని కూడా అడిగారు. అమ్మ "ఎవలో చెప్పింది చెప్పిన" అని ఉన్నదున్నట్టు చెప్పింది. మూడు నిమిషాలు పట్టలేదు.

ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. రాని ఇంగ్లిష్ వద్దు. పెద్దవాళ్లకు గుర్తుండాల్సినవి: పిల్లలు ఏ ఊళ్లో ఉంటారు, ఏం పని చేస్తారు, ఎన్నేళ్లయింది, ఎన్నాళ్లకు వెళ్తున్నారు, ఖర్చు ఎవరిది, తిరిగొచ్చి చేసే పనేమిటి. అంతే.

ఒక మాట విషయంలో జాగ్రత్త. మనం "మనుమణ్ణి చూసుకోవడానికి పోతున్నం" అంటాం. ప్రేమతో అనే మాట అది. అవతల అది పిల్లాణ్ణి సాకే పనికి వెళ్తున్నట్టు వినిపిస్తుంది. "చూడటానికి", "కాన్పుకు తోడుగా" అంటే ఉన్నమాటే సరిగ్గా చెప్పినట్టు. నిజంగానే డే-కేర్ ఖర్చు తప్పించుకోవడానికి పిలుస్తుంటే ఆ పనికి విజిటర్ వీసా సరిపోదని పిల్లలు తెలుసుకోవాలి.

కాగితాల ఫైలు తీసుకెళ్లండి, అడిగితేనే ఇవ్వండి. అమెరికా ఇంటర్వ్యూలో చాలాసార్లు ఒక్క కాగితం కూడా చూడరు. కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్‌లకు మామూలుగా ఇంటర్వ్యూ ఉండదు, కాగితాలే మాట్లాడతాయి. అక్కడ పట్టా పాస్‌బుక్‌కు ఇంగ్లిష్ అనువాదం, పిల్లల ఆహ్వాన ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంటు పూర్తిగా ఉండాలి. స్టేట్‌మెంటులో హఠాత్తుగా పెద్ద మొత్తం పడి ఉంటే అదెక్కడిదో ఒక ఉత్తరంలో రాయండి. వడ్లు అమ్మిన డబ్బైతే ఆ రసీదు పెట్టండి.

8. ఫలితం ఎలా చూసుకోవాలి

అమెరికా ఇంటర్వ్యూలో పాస్‌పోర్టు వాళ్లు ఉంచుకుంటే సాధారణంగా వీసా వచ్చినట్టే. 214(బి) అని రాసిన కాగితం, పాస్‌పోర్టు తిరిగి చేతికిస్తే రాలేదని. 221(జి) అని ఇస్తే ఇంకేదో కావాలనో, పరిశీలన మిగిలి ఉందనో అర్థం. అడిగినవి పంపి ఆగండి, టెన్షన్ పడి కొత్త ఫీజు కట్టకండి. స్టేటస్ డీఎస్-160 నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితంగా కనిపిస్తుంది. ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు.

పాస్‌పోర్టు చేతికి రాగానే అక్కడే నిలబడి వీసా చదవండి. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, గడువు తేదీ, ఎన్నిసార్లు వెళ్లొచ్చనే గడిలో ఎం (అంటే చాలాసార్లు) అనే అక్షరం. ఒక్క అక్షరం తప్పున్నా అప్పుడే చెప్పండి.

రాకపోతే మర్నాడే మళ్లీ కట్టకండి. పరిస్థితిలో గానీ, చెప్పే తీరులో గానీ మార్పు లేకుండా వెళ్తే జవాబూ మారదు. ఒకరికి వచ్చి ఒకరికి రాకపోతే, వచ్చినవాళ్లు ఒకసారి వెళ్లి సమయానికి తిరిగొచ్చాక రెండోవాళ్లకు వేస్తే మేలని నేను చూసింది.

9. ఇన్సూరెన్స్, టికెట్, సామాను

మునుగోడు, మర్రిగూడ వైపు పెద్దవాళ్లలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల మోకాళ్లు, నడుము బిగుసుకుపోయినవాళ్లు ఎందరో. షుగర్, బీపీ సరేసరి. చాలా విజిటర్ పాలసీలు ముందు నుంచి ఉన్న జబ్బులకు డబ్బివ్వవు. "హఠాత్తుగా ముదిరితే" అనే వాక్యం పాలసీలో ఉందో, ఏ వయసు దాకా, ఎంత మొత్తం దాకా వర్తిస్తుందో చదివించుకోండి. జబ్బు దాచి పాలసీ తీసుకుంటే అవసరమైన రోజు అది చిత్తుకాగితమే. గ్రీన్ కార్డు మీద వెళ్లినా అరవై ఐదు దాటినవాళ్లకు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఐదేళ్లు అక్కడ ఉన్నాకే.

టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ అడగండి, ఉచితం. నడవగలిగినా అడగండి. వీల్‌చైర్ తోసే మనిషే ఇమిగ్రేషన్ క్యూ దాకా, తర్వాతి విమానం దాకా తీసుకెళ్తాడు. మందులు చీటీతో సహా చేతి సంచిలో పెట్టండి. నాటుకోడి పచ్చడి, విత్తనాలు, నెయ్యి డబ్బాలు ఆస్ట్రేలియాకు వద్దు. తినే వస్తువు ఏది ఉన్నా, దిగేముందు నింపే కార్డు మీద "ఉంది" అని టిక్ పెట్టండి, దాచితే అక్కడికక్కడే జరిమానా.

10. దిగిన రోజే చేయాల్సిన పని

పదేళ్ల వీసా అంటే పదేళ్లు ఉండటం కాదు. ఎన్నాళ్లు ఉండాలో అమెరికా ఎయిర్‌పోర్టులో ఆఫీసరు నిర్ణయిస్తాడు, ఎక్కువగా ఆరు నెలలు. ఆ తేదీ ఐ-94 రికార్డులో ఉంటుంది. పిల్లలు ఇంటికి తీసుకెళ్లిన రోజే పాస్‌పోర్టు నంబరుతో ఆన్‌లైన్‌లో దాన్ని తీసి ప్రింట్ చేయాలి. వీసా మీది గడువు చూసి ఇంకా ఏళ్లున్నాయనుకుని ఉండిపోయినవాళ్లకు మళ్లీ వీసా రాలేదు. గ్రీన్ కార్డు వాళ్లది దీనికి తిరగేసిన లెక్క. ముందస్తు అనుమతి లేకుండా ఏడాదికి మించి ఊళ్లో ఉండిపోతే ఆ కార్డు పోయే ప్రమాదం ఉంది. ఆరు నెలలు దాటినా ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు తప్పవు.

ఆ ఐ-94 తేదీని అక్కడ ఫ్రిజ్ మీద, ఇక్కడ మన ఇంటి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాయండి. తిరుగు టికెట్ దానికి కనీసం రెండు వారాల ముందుది ఉండాలి.